ముఖానికి చున్నీ కట్టిన పరుగు

రాజంపేటలో తెల్లారగట్ల ఐదింటికి మైదానానికి పోతే, ఆ మసక చీకట్లోనే పదిహేను ఇరవై మంది అమ్మాయిలు పరుగు తీస్తూ కనబడతారు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలకు తయారవుతున్నవాళ్లు. పల్లెల నుంచి వచ్చి ఊళ్లో గదులు తీసుకుని ఉంటున్నవాళ్లు కొందరు, నాన్న బండి మీద దించిపోతే వచ్చేవాళ్లు కొందరు. నేను నడకకు పోయే చోటు అదే కాబట్టి రోజూ చూస్తుంటాను. వాళ్లలో సగం మంది ముఖానికి చున్నీ చుట్టుకుని పరుగెత్తుతారు. కళ్లు మాత్రమే బయటికి కనిపిస్తాయి. మొదట చూసింది జనవరిలో, మంచుకు కట్టుకున్నారేమో అనుకున్నాను. ఏప్రిల్ వచ్చింది. పొద్దు పొడవకముందే ఉక్కపోత మొదలైంది. చున్నీ మాత్రం ముఖం మీదనే ఉంది.

రెండు చుట్లు పూర్తయ్యేసరికి రొప్పుతూ కూలబడిన ఒక పాపను ఒకనాడు అడిగాను.

"ఊపిరాడల్ల గదమ్మా, అది తీసేసి పరుగెత్తరాదా?"

"మాయమ్మ ఒప్పుకోదు సార్. ఉన్నదే నలుపు, ఎండకు ఇంకా కమిలిపోతావు, రేపు ఉద్యోగం రాకుంటే పెండ్లన్నా కావల్ల గదా అంటాది."

"ఇంకా పొద్దే పుట్టలేదే?"

"అలవాటయిపోయింది సార్."

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఆ పాప ఒకేసారి రెండు పరీక్షలకు తయారవుతోంది. ఒకటి ఊపిరితిత్తులకు, రెండోది చర్మానికి. మొదటి పరీక్ష నిబంధనలు ప్రభుత్వం అచ్చు వేసి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పోలీసు నియామక మండలి లెక్క ప్రకారం మహిళా అభ్యర్థి 1600 మీటర్లను 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. 100 మీటర్లు 18 సెకన్లలో పూర్తి చేయాలి, లేదా 2.75 మీటర్ల దూరం దూకాలి. ఎత్తు 152.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. బరువు 40 కిలోలకు తగ్గకూడదు. ఈ చివరి నిబంధనను మళ్లీ చదవండి. ఎంత తగ్గావని కాదు, కనీసం ఇంతైనా ఉన్నావా అని అడిగే కొలత అది. రంగు గురించి ఆ కాగితంలో ఒక్క అక్షరం లేదు. రెండో పరీక్షకు మాత్రం నిబంధనల పుస్తకమంటూ లేదు. దాన్ని ఆమె చేతిలోని ఫోన్, ఇంట్లోని టీవీ, ఆదివారం పత్రికతో వచ్చే రంగుల పేజీ, చుట్టాల నోరు కలిసి పెడుతున్నాయి. ఫిట్‌నెస్ పేరుతో మన మాధ్యమాల్లో వస్తున్న రాతల్లో, బొమ్మల్లో ఎక్కువ భాగం ఈ రెండో పరీక్షకు కోచింగే తప్ప మొదటిదానికి కాదన్నది నా ఫిర్యాదు.

అందం గురించి, ఒంటి గురించి తెలుగులో మనం వాడే మాటలను పక్కపక్కన పెట్టి చూడాలి. అందగాడిని 'ఎర్రగా బుర్రగా ఉన్నాడు' అంటాం. నల్లని పిల్లను మెచ్చుకోవాల్సి వస్తే 'నల్లగా ఉన్నా కళగా ఉంది' అంటాం. ఆ 'ఉన్నా'లోనే తీర్పంతా ఉంది. నేరం రుజువైంది గానీ శిక్ష తగ్గించాం అన్నట్టుంటుంది ఆ మెప్పు. పెళ్లిచూపులకు ఫోటో తీయించుకోను స్టూడియోకు పోతే, అడగకుండానే ముఖం రంగు రెండు పాళ్లు పెంచి చేతిలో పెడతారు. పెంచకుంటే కన్నవాళ్లే వెనక్కి తెస్తారని వాళ్లకు తెలుసు.

బరువు విషయంలో మాత్రం మన పాత నుడి ఇంత కఠినంగా లేదు. కరువు సీమలో ఒళ్లు నిండుగా ఉండటమంటే ఇంట్లో గింజలున్నట్టు. పుట్టింటికి వచ్చిన కూతురు 'ఒళ్లు చేసింది' అంటే ఆ తల్లికి నిబ్బరం. 'చిక్కిపోయినావే' అన్న మాటలో దిగులుండేది, ఆ వెంటనే నెయ్యి గిన్నె ముందుకొచ్చేది. ఇవాళ 'ఒళ్లు చేసినావే' అంటే ఆ అమ్మాయి ఆ పూట అన్నం మానేస్తుంది. మా తరం కళ్లముందే ఒక పలకరింపు తిట్టుగా మారిపోయింది. రంగు మీద చూపు పాతదే, దాన్ని మాధ్యమాల మీదికి నెట్టి తప్పించుకోలేం. సన్నదనం మీద ఈ యావ మాత్రం కొత్తది, అది బయటి నుంచి తెచ్చి పెట్టినది. ఇప్పుడు రెండూ కలిసి ఒకే ముఖంతో, 'ఫిట్' అనే పేరుతో తిరుగుతున్నాయి.

సినిమా పేజీలను చూడండి. తమన్నాను మన పత్రికలు, చానళ్లు ఏళ్ల తరబడి 'మిల్కీ బ్యూటీ' అని రాశాయి, ఇప్పటికీ రాస్తున్నాయి. చాలా శీర్షికల్లో ఆమె పేరు కూడా ఉండదు, ఆ బిరుదే పేరు. ఒక నటికి ఆమె చర్మం రంగునే ఇంటిపేరుగా కట్టబెట్టిన భాష మనది. కొంచెం బరువు పెరిగిన నటి 'బొద్దుగుమ్మ', తగ్గితే 'నాజూగ్గా మారి షాకిచ్చిన భామ'. ఆమె ఏం తింటోంది, ఏ జబ్బు నుంచి కోలుకుంటోంది, బిడ్డను కని ఎన్ని నెలలైంది అన్నవి వార్త కావు. మగవాళ్లకూ ఈ కొలత వచ్చింది. 2007 జనవరిలో 'దేశముదురు'లో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్‌తో కనిపించాడు. అదే ఏడాది 'యమదొంగ' కోసం ఎన్టీఆర్ బాగా సన్నబడ్డాడు. 2012లో 'పూలరంగడు'కు వచ్చేసరికి హాస్యనటుడిగా మనం ప్రేమించిన సునీల్ కూడా పొట్ట పలకలు చూపించాల్సి వచ్చింది. చొక్కా విప్పే సీనుకు ముందు ఉప్పు, నీళ్లు తగ్గించి చర్మాన్ని కండకు అతుక్కునేలా చేయడం ఆ రంగంలో మామూలే. ఆ ఒళ్లు ఆ ఒక్క రోజు కోసం తయారైనది. ఈ సంగతి రాయకుండా పోస్టర్ మాత్రం అచ్చు వేస్తే, దాన్ని చూసిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు అది ఏడాది పొడుగునా ఉండాల్సిన ఒళ్లనుకుంటాడు. మా దగ్గరి జిమ్ముల గోడల మీద రోనీ కోల్‌మన్ పోస్టర్లు కనిపిస్తాయి. మిస్టర్ ఒలింపియా 8 సార్లు గెలిచిన ఆఫ్రికన్ అమెరికన్ ఆయన. ఆ నల్లని ఒంటిని దేవుడిలా చూసే పిల్లలే, అద్దం ముందు సెల్ఫీ దిగి ఫోన్‌లో ముఖం తెల్లగా చేసుకుని గానీ పంపరు.

మన శేషాచలం కొండల ఎర్రచందనం కథగా 2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. కొండ మనిషిగా చూపించడానికి హీరోకూ హీరోయిన్‌కూ ముఖానికి నలుపు వేశారు. మా ప్రాంతంలో ఆ రంగుతోనే పుట్టిన అమ్మాయిలు వేలల్లో ఉన్నారు. వాళ్ల రంగు కథకు కావాల్సి వచ్చింది, వాళ్లు మాత్రం అక్కరలేకపోయారు. 2020లో వచ్చిన 'కలర్ ఫోటో' ఈ బాధనే నేరుగా పట్టుకుంది, జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది. ఆ సినిమా మీద రాసిన పత్రికలే పక్క పేజీలో 'మిల్కీ' అని రాయడం మానలేదు.

జాతి వివక్ష అనగానే అది అమెరికాలో, దక్షిణాఫ్రికాలో ఉండే వ్యవహారం అనుకుంటాం. ఆ అమెరికాలోనే, న్యూజెర్సీ రాష్ట్రం అట్లాంటిక్ సిటీలో 2013 సెప్టెంబరు 15న దావులూరి నీనా మిస్ అమెరికా కిరీటం గెలిచింది. తల్లిదండ్రుల మూలాలు విజయవాడవి. భారతీయ సంతతి అమ్మాయికి ఆ కిరీటం దక్కడం అదే మొదటిసారి. ఫలితం వచ్చిన గంటల్లోనే ట్విటర్‌లో ఆమెను అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు, ఇది అమెరికా పోటీ కదా అని నిలదీశారు. ఇక్కడ మనం మన అమ్మాయి అని పండగ చేసుకున్నాం. అదే వారంలో మరో ప్రశ్న కూడా లేచింది: ఈ చామనఛాయతో ఆమె మన దేశంలో పోటీ పడి ఉంటే గెలిచేదా? అందరికీ జవాబు తెలుసు. అక్కడ ఆమె మన జాతి అయినందుకు కాదన్నారు, ఇక్కడైతే మన రంగే అయినందుకు కాదనేవాళ్లం. ఆమె తర్వాత రంగు వివక్ష మీదే డాక్యుమెంటరీ తీసింది.

అదే అట్లాంటిక్ సిటీ ఆసుపత్రిలో 2015 జూన్ 6న ఆర్తీ అగర్వాల్ చనిపోయింది. వయసు 31. 'నువ్వు నాకు నచ్చావ్'తో 2001లో తెలుగిళ్లలోకి వచ్చిన అమ్మాయి. కొవ్వు తీయించే శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారాలకు గుండె ఆగింది. ఆమె ప్రాణం పోవడానికి ఫలానాదే కారణమని నేను తేల్చడం లేదు, అది వైద్యులు చెప్పాల్సిన మాట. కానీ అంతకు ముందు ఏళ్లలో ఆమె బరువు మీద మన తెరల మీద, పేజీల మీద సాగిన వెక్కిరింత అందరికీ గుర్తే. చనిపోయాక అవే తెరలు కన్నీళ్లు కార్చాయి. ఆ ఏడాది నవంబరులోనే అనుష్క ప్రధాన పాత్రగా 'సైజ్ జీరో' వచ్చింది. బరువు తగ్గిస్తామని మోసం చేసే క్లినిక్‌ల మీద సినిమా అది, పాత్ర కోసం ఆమె కావాలని బరువు పెరిగింది. సినిమా ఆడలేదు. ఆ తర్వాత మన పేజీలు రాసింది మాత్రం క్లినిక్‌ల గురించి కాదు, అనుష్క బరువు తగ్గిందా లేదా అనే.

ఇక ఆరోగ్యం కోసమే చెబుతున్నాం అనే వాదన ఒకటుంది. దానికి గౌరవంగానే జవాబు చెప్పాలి, ఎందుకంటే బరువు ప్రమాదమే కాదని నేను అనడం లేదు. షుగరు, రక్తపోటు మా ఊళ్లో ప్రతి వీధిలో ఉన్నాయి. అయితే ఏ కొలబద్దతో కొలుస్తున్నామో చూడాలి. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ లెక్కకు మూలం 1830ల నాటి బెల్జియం గణితవేత్త క్వెట్లే. ఆయన వెతికింది సగటు మనిషిని, రోగిని కాదు. దానికి ఇప్పటి పేరు పెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, అదీ మగవాళ్లను కొలిచి. మన ఒళ్లు ఆ లెక్కలో సరిగ్గా ఇమడదని పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫోటోలతోనే చూపించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పైకి సన్నం, లోపల కొవ్వు: దక్షిణాసియా మనిషి ఒంటి తీరు ఇది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అదే ఏడాది ఆసియా వాసులకు 23 దగ్గరే హెచ్చరిక గీత గీశారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటున్నారు.

జాతి అనేది ఒంటి విషయంలో నిజంగా అక్కరకొచ్చే చోటు ఇదీ. ఏ జాతి మనిషికి ఏ కొలత పెట్టాలన్నది ప్రాణం కాపాడే ప్రశ్న. మన ఫిట్‌నెస్ పేజీ ఈ తేడాను వదిలేసి, చర్మం రంగు తేడాను పట్టుకుంది. సన్నగా కనిపించే మనిషి తాను బాగున్నాననుకుని పరీక్ష చేయించుకోడు. పొలంలో పగలంతా వంగి కలుపు తీసే నిండైన ఆడమనిషి తన ఒంటిని చూసి సిగ్గుపడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇంకో నిజం చెబుతుంది. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ప్రతి వందమందిలో దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. మైదానంలో రెండో చుట్టుకే కూలబడే పాపకు అడ్డం వస్తున్నది పొట్ట మీది కొవ్వు కాదు, ఒంట్లో లేని ఇనుము. ఆమెకు కావాల్సిన ఫిట్‌నెస్ వ్యాసం ఆకుకూరలు, పల్లీలు, బెల్లం, గుడ్డు గురించి, నెలసరిలో పరుగు ఎట్లా సర్దుకోవాలన్నదాని గురించి. ఫోన్ తెరిస్తే ఆమెకు దొరుకుతున్నది పది రోజుల్లో నడుము తగ్గించే చిట్కా.

క్రీముల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో పుట్టింది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత రేగిన నిరసనల వేడికి 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' చేర్చారు. మినియాపొలిస్‌లో ఒక నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెడితే గానీ రాజంపేట కిరాణా కొట్టులో ట్యూబు పేరు మారలేదు. పేరు మారినా కొనేవాళ్ల ఆశ మారలేదు. అంతకన్నా ప్రమాదం స్టెరాయిడ్ క్రీములతో. దురదకు, ఎగ్జిమాకు వాడాల్సిన మందును ముఖానికి రాసుకుంటే కొన్ని రోజులు తెల్లబడినట్టుంటుంది. ఆ తర్వాత చర్మం పలచబడి, ఎండ తగిలితే మండుతుంది, మానేస్తే మొటిమలు, ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. ఇలాంటి 14 రకాలను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి చేసింది. మా వైపు ఆడవాళ్లు ఎంతోమంది ఇంటి పనికి కువైట్ పోయి వస్తుంటారు. పెట్టెల్లో బంగారం, సెంటు సీసాలతో పాటు పేరు కూడా చదవలేని అక్షరాల డబ్బాలు వస్తాయి, చెల్లెళ్లకు, కోడళ్లకు పంచుతారు. వాటిలో ఏముందో ఇచ్చేవాళ్లకూ తెలియదు, రాసుకునేవాళ్లకూ తెలియదు. పాదరసం కలిసిన క్రీములు మూత్రపిండాలను దెబ్బ తీస్తాయి. అక్కడ పరాయి ఇళ్లలో పనిమనిషిగా రంగును బట్టి, దేశాన్ని బట్టి మాటలు పడ్డ మనిషి, ఇంటికొచ్చేటప్పుడు తనవాళ్లకు తెలుపునే కానుకగా తెస్తోంది. ఆమెను నేను తప్పు పట్టను. ఆమె చూసిన లోకంలో తెలుపుకే గౌరవం దక్కింది.

మన నేల మీద పుట్టిన అసలైన బలాన్ని మన మాధ్యమాలు ఎట్లా చూశాయి? శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి పల్లెలో పుట్టిన కరణం మల్లీశ్వరి 54 కిలోల తరగతిలో 1994, 1995లలో ప్రపంచ విజేత. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ఆమె 69 కిలోల తరగతిలో దిగింది. అంతకు ముందు ఒళ్లు పెరిగింది, ఆమె పని అయిపోయింది అని రాతలు వచ్చాయి. బరువులెత్తే ఆటలో తరగతి మారడమంటే ఏమిటో రాసినవాళ్లకు పట్టలేదు. ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆమె కన్నా పైన నిలిచిన చైనా, హంగరీ అమ్మాయిలు ఎత్తింది 242.5. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆ 'లావైన' మల్లీశ్వరి. ఆ ఒళ్లు అట్లా ఉండబట్టే ఆ బరువు లేచింది.

2016లో రియోలో పి.వి. సింధు రజతం గెలిచిన రోజుల్లో ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికినవాళ్లు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువని వార్తలొచ్చాయి. అమెరికాలో జాతి అడిగే ప్రశ్నను మన దగ్గర కులం అడుగుతుంది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. మొదట్లో ముఖానికి దెబ్బ తగిలి వస్తే, ఇక పెళ్లెవరు చేసుకుంటారని తల్లి ఏడ్చిన సంగతి ఆమే చెప్పుకుంది. వరంగల్ వైపు కల్లెడ పల్లెలో పుట్టిన పారా అథ్లెట్ దీప్తి జీవాంజిని చిన్నప్పుడు ఊరివాళ్లు రూపాన్ని బట్టి రకరకాలుగా పిలిచారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆమె గురించి రాసేటప్పుడు వెక్కిరింతల కథకు పేజీ నిండా చోటిచ్చారు. శిక్షణ ఎట్లా సాగింది, ఆ పరుగులో అడుగు ఎట్లా పడుతుంది అన్నదానికి రెండు లైన్లు మిగిలాయి. జాలికీ గౌరవానికీ మధ్య ఉన్న దూరం ఆ లైన్ల లెక్కలో కనిపిస్తుంది.

మా కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరు 2న మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆమె ఎడమచేతి స్పిన్‌ను ఊరూరా టీవీల ముందు చూశారు. కొన్నాళ్లు మైదానంలో అమ్మాయిల నడకలో తేడా కనిపించిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఎండలో ఆడి వచ్చిన ముఖాన్ని ఎవరూ దాచకుండా, తెల్లబరచకుండా టీవీ చూపించిన అరుదైన రోజులవి.

పత్రికల్లో పనిచేసే మిత్రులతో ఈ మాట అన్నప్పుడు, ఫోటోలు ఏజెన్సీల నుంచి వస్తాయి, మేమేం చేస్తాం అన్నారు. ఏజెన్సీ ఫోటోలో బంగారు జుట్టు అమ్మాయి సముద్రపు ఒడ్డున యోగా చేస్తూ ఉంటుంది, పక్కన గాజు గిన్నెలో ఆకులు. కింద మన తెలుగులో వ్యాసం కొర్రలు, రాగుల గురించి. ఆ కొర్రలు తిని పెరిగిన ఒళ్లు ఆ ఫోటోలో ఉండదు. సంకటిముద్ద మా తాతల నాడు బీదవాళ్ల కూడు, ఇవాళ అదే పేజీలో సూపర్ ఫుడ్. గింజకు గౌరవం దక్కింది, గింజ పండించిన మనిషి రంగుకు దక్కలేదు. ప్రతి జిల్లా కేంద్రంలో విలేకరి ఉన్నాడు, అతని జేబులో కెమెరా ఉన్న ఫోన్ ఉంది. పొద్దున్నే మైదానానికి వస్తే వ్యాసానికి సరిపడా ఫోటోలు దొరుకుతాయి. 2022 నవంబరులో ప్రకటన వచ్చి, 2023 జనవరి 22న తొలి పరీక్ష జరిగిన కానిస్టేబుల్ ఎంపికల్లో దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు 30 దాకా మొదలు కాలేదు. దాదాపు రెండేళ్లు వేల మంది ఆడపిల్లలు కూలి పనుల మధ్య, అద్దె గదుల్లో, చాలీచాలని తిండితో ఒంటిని పరుగుకు నిలబెట్టుకున్నారు. ఇంతకన్నా పెద్ద ఫిట్‌నెస్ కథ ఈ రాష్ట్రంలో ఏముంది? అది విద్యా ఉద్యోగాల పేజీలో వాయిదా వార్తగా వచ్చి పోయింది.

మొన్న ఆ పాప మళ్లీ కలిసింది. పరుగు ముగించుకుని, మైదానం అవతల అరటి గెలలు దించే మండీ దగ్గర నిలబడి ఉంది. రాబోయే ఎంపికలకు బరువు చాలదని భయం. పొద్దున పరుగెత్తాక తూకం చూసుకుంటే నిజం తెలుస్తుందని ఎవరో చెప్పారట. మండీ ఆయన నవ్వి, ఎక్కు తల్లీ అన్నాడు. చెప్పులు విడిచింది. జేబులోని ఫోన్ తీసి గోడ మీద పెట్టింది. ముఖానికున్న చున్నీ విప్పి, దాని బరువు కలవకూడదని నా చేతికిచ్చి కాటా ఎక్కింది. చెమటతో తడిసిన ముఖం మీద అప్పుడే ఎండ పడింది.

"39 కిలోల 400" అన్నాడు మండీ ఆయన.

"ఇంకా ఆరువందల గ్రాములు సార్" అంది నా వైపు తిరిగి. ఆయన గెల నుంచి నాలుగు పండ్లు తెంచి ఆమె చేతిలో పెట్టాడు. అక్కడే నిలబడి, ఎండలోనే, ఒక పండు తొక్క తీసింది.